చంక కోస్తే చెయ్యి లేవదు

మాది ఒడిశాలోని బరంపురం, ఉద్యోగం ఛత్రపురంలో. రోజూ బస్సులో నిలబడే వెళ్తాను కాబట్టి నా బట్టలకు పరీక్ష అద్దం ముందు జరగదు, పైనున్న కమ్మీ పట్టుకున్నప్పుడు జరుగుతుంది. నేను కొన్న కుర్తాల్లో ఆ పరీక్ష నెగ్గింది ఒక్కటీ లేదు. ఛాతీకి సరిపోయేది కొంటే భుజాలు మోచేతుల వైపు జారేవి. భుజాలకు సరిపోయేది కొంటే ముందు గుండీలు నోరు తెరిచేవి. "పక్కలు కుట్టించుకోండి, సరిపోతుంది" అనేది దుకాణంలో అమ్మాయి. పక్కలు కుట్టిస్తే జారిన భుజం ఎలా పైకి వస్తుందో ఆమే చెప్పాలి.

మా అత్తగారి కాలి మిషను వంటింటి మూలన పచ్చడి జాడీలు మోస్తూ ఉండేది. జాడీలు దించి, నూనె వేసి, కొత్త బెల్టు తగిలించి, దగ్గర్లోని కుట్టు తరగతిలో మూడు నెలలకు చేరాను. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు కనుక మా వీధిలో తెలుగుకు లోటు లేదు కానీ, పాఠం మాత్రం ఒడియాలోనే. భుజం 'కాంధొ', రొమ్ము 'ఛాతి'. నడుమును 'అంటా' అంటారు. నా నోటుపుస్తకంలో ఇవన్నీ తెలుగు లిపిలో ఉంటాయి. మిషను తొక్కడం పెద్ద విద్యేమీ కాదు, పది రోజులకు దారం తెగడం మానేసింది.

అసలు చిక్కు కత్తిరించడంలో వచ్చింది. తరగతిలో గుడ్డను నాలుగు మడతలు వేయించి, ఛాతీ కొలతలో నాలుగో వంతుకు ఒక అంగుళం వదులు కలిపి, ముందు వెనకలు ఒకేసారి కోయించారు. నా ఛాతీ 40 అంగుళాలు, కనుక 11 దగ్గర కోశాను. తొడుక్కుంటే వీపు మీద సంచిలా వేలాడింది, ముందు బిగిసింది, చెయ్యి పైకెత్తితే చంకలో పట్టేసింది. చంక లోతు చాలలేదనుకుని అర అంగుళం కోశాను. ఇంకా పట్టేసింది. మరో అర అంగుళం కోశాను. ఈసారి చెయ్యి ఎత్తగానే కుర్తా మొత్తం నడుము దాకా లేచింది!

వీధి చివర, కళ్లు సహకరించక మిషను మానేసిన ఒక పెద్దాయన ఉన్నారు. బాబాయి అని పిలుస్తాను. కుర్తా చూపిస్తే ఆయన నవ్వలేదు, అంతవరకు నయం.

"చంక కోస్తే చెయ్యి లేవదమ్మా, కుర్తా లేస్తుంది" అన్నారు. "చెయ్యి భుజం దగ్గర మడుస్తావా, పక్కటెముకల దగ్గరా?"

చంక కిందికి దిగిన కొద్దీ చేతి గుడ్డ పక్క కుట్టుకు కిందెక్కడో అతుక్కుంటుంది. చెయ్యి లేస్తే ఆ పక్కనంతా లాక్కుపోతుంది. అతుకు చంకకు దగ్గరగా, పైన ఉంటేనే చేతికి స్వేచ్ఛ. నేను రెండుసార్లు కోసింది సరిగ్గా ఆ స్వేచ్ఛనే.

తర్వాత టేపు నా చేతికిచ్చి, చంకల కిందుగా రొమ్ముకు పైన చుట్టి కొలుచుకోమన్నారు. 36 వచ్చింది. అంటే నా వీపు, భుజాలు 36 మనిషివి, ముందు భాగం ఒక్కటే పెద్దది. దుకాణం 40 ఛాతీకి తగ్గ భుజాలు కూడా అంటగడుతోంది. మన దేశానికి సొంత కొలతల పట్టిక తయారు చేయడానికి 'ఇండియాసైజ్' పేరుతో ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ 25,000 మందిని కొలిచే పని చేపట్టిందని చదివాను. మంచిదే. కానీ ఎంత మంచి పట్టికైనా నా ముందుకీ వెనక్కీ ఉన్న తగువు తీర్చలేదు.

పాత దుప్పటి తీసి ముందు, వెనక విడివిడిగా గీశాను. భుజం, చంక రెండింటికీ 36 లెక్కే. వెనక నాలుగో వంతుకు 10 అంగుళాలు, ముందు 12. అప్పుడు ముందు అంచు పైకి లేచింది, ఎత్తు మీదుగా వెళ్లే గుడ్డకు పొడవు చాలదు కదా. రెండో దుప్పటికి ముందు ముక్క ఒక అంగుళం పొడుగు కోసి, ఆ ఎక్కువను పక్క కుట్టులో డాటుగా, అంటే మొన తేలేలా మడతపెట్టి కుట్టాను. డాటు మొన రొమ్ము మధ్య దాకా పోనిస్తే అక్కడ ముక్కులా పొడుచుకొచ్చింది. ఒక అంగుళం ముందే ఆపితే కుదిరింది. అత్తగారు దుప్పట్లు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు.

అప్పుడుగానీ పెట్టెలోని పొందూరు ఖద్దరు బయటికి తీయలేదు. శ్రీకాకుళం పెళ్లికి వెళ్లినప్పుడు కొన్నది. వాలుగ చేప దవడతో దూదిని దువ్వి వడికిన నూలు, దాని మీద నా ప్రయోగాలు చేయడానికి మనసొప్పలేదు. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కోశాను. లేకపోతే మొదటి ఉతుకుకే కురచవుతుంది. సన్న గుడ్డ కనుక 11 నంబరు సూది వేశాను.

మొన్న ఆ కుర్తాతోనే బస్సెక్కి కమ్మీ పట్టుకున్నాను. చెయ్యి లేచింది, కుర్తా ఉన్నచోటే ఉంది. ఎడమ చేతి అతుకు దగ్గర మాత్రం చిన్న ముడత మిగిలింది. బాబాయి కంటికి ఎటూ ఆనదు గానీ, వేళ్లతో తడిమితే పట్టేస్తారు. ఆదివారం విప్పి మళ్లీ కుట్టాలి.