పాత 407కి పికప్ తెప్పించుకోవడం: నా అనుభవం

నిన్ననే ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. చల్లారితే అందరూ మంచోళ్లే అనిపిస్తారు.

నాది టర్బో (ఇంజిన్‌లోకి గాలి ఎక్కువగా తోసేది) లేని పాత టాటా 407, చిన్న లారీ. 497 ఇంజిన్, 4 సిలిండర్లు, 2956 సీసీ, ఇంజిన్‌కు డీజిల్ అందించే పంపు పూర్తిగా మెకానికల్. బంగారుపాళ్యం మండీలో మామిడికాయ ఎత్తుకుని పలమనేరు మీదుగా బెంగళూరు పోవడం దాని పని. పోయిన సీజన్ నుంచి మొగిలి ఘాట్ మొదలైతే చాలు, సెకండ్ గేరుకు పడిపోయేది. వెనక ఒకటే హారన్లు. చెరుకు ట్రాక్టరువాడు కూడా దాటుకుని పోతూ చెయ్యి ఊపాడు. చదును రోడ్డు మీద కూడా 50 దాటేది కాదు. బెంగళూరుకు ఆలస్యంగా చేరితే కాయ రంగు తిరిగిందని ధర కోస్తారు కాబట్టి ఇది పరువు సమస్య ఒక్కటే కాదు.

ఎయిర్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టర్లు మార్పించాను, ట్యాపెట్లు (ఇంజిన్ వాల్వుల సందు) సరిచేయించాను. అదంతా ఒక పూట పని.

తర్వాత చక్రాలు. కాసేపు బండి తిప్పి దిగి, ఒక్కో డ్రమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకొద్దు. నా బండికి వెనక ఎడమ డ్రమ్ము సెగలు కక్కుతోంది. కాలు తీసినా బ్రేకు వదలడం లేదు. అలాంటప్పుడు ఇంజిన్ ఎంత లాగినా కొంత బలం ఆ బ్రేకుకే ఖర్చు. అది బాగుచేయించాక బండి తేలికైంది గానీ ఘాట్‌లో కథ మారలేదు.

అప్పుడు ఒకాయన చెప్పాడని ఆ డీజిల్ పంపులు బాగుచేసే ఒక షాపుకు పోయాను. పేరు రాయను. రాస్తే వాడికి అదీ పబ్లిసిటీనే. పంపు వైపు ఓసారి చూసి "అన్నా, క్యాలిబ్రేషన్ చేయాల" అన్నాడు, అంటే పంపు ఇచ్చే డీజిల్ కొలత సరిచేయడం. సరే అన్నాను. సాయంత్రానికి బిల్లు చేతిలో పెట్టాడు. అందులో ఒకే లైను, ఒకే అంకె. బండి తీయగానే నిజంగానే దూకింది. పలమనేరు పోయేలోపు అద్దంలో వెనక రోడ్డు కనపడటం మానేసింది. అంత నల్ల పొగ. తిరిగొచ్చి అడిగితే "డీజిల్ బండికి పొగ రాక ఊదుబత్తి వాసన వస్తుందా అన్నా?" అని నవ్వాడు.

ఆ వారమే ఎఫ్‌సీ తేదీ. పాత బండి కాబట్టి ఏటా తప్పదు. పొల్యూషన్ పేపరు గడువు కూడా అప్పుడే అయిపోయింది. నా ముందు రెండు లారీలు, వెనక ఒక స్కూలు బస్సు. ఆ బస్సుకు పసుపు రంగు కొత్తగా కొట్టించారు, ఇంకా పెయింటు వాసన పోలేదు. సైలెన్సర్‌లో పైపు పెట్టి, ఎక్సలేటర్ ఒక్కసారిగా పూర్తిగా తొక్కమన్నారు. తొక్కాను. బీఎస్ 4 పొల్యూషన్ రూల్స్ కంటే ముందు వచ్చిన డీజిల్ బండ్లకు పొగ 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత) దాటకూడదు. మీటరు అది ఎప్పుడు దాటిందో కూడా నేను చూడలేదు. వెనక నుంచి అరుపులు. దిగి చూస్తే స్కూలు బస్సు ముందు భాగమంతా మసి. దాని డ్రైవరు తెల్ల చొక్కా దులుపుకుంటూ నన్ను తిడుతున్నాడు.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. "ఏమయ్యా, బండి తెచ్చినావా, ఇటుకల బట్టీ తెచ్చినావా?" క్యూలో ఉన్నవాళ్లందరూ ఘొల్లుమన్నారు. అంతటితో వదిలినా బాగుండేది. "ఇంకోసారి తొక్కు, వీళ్లంతా చూడనీ" అన్నాడు. తొక్కాను. "ఇంకోసారి." మళ్లీ తొక్కాను. ఇరవై ఏళ్లుగా స్టీరింగ్ పట్టినవాణ్ని, ఒక్క యాక్సిడెంట్ లేదు. క్లీనర్ కుర్రాడి ముందు తల ఎత్తలేకపోయాను. ఫెయిల్ చేయడం ఆయన పని, కాదనను. పదిమందిని నవ్వించడం ఏ రూల్లో ఉందో ఆయనే చెప్పాలి.

గేటు దాటగానే బ్రోకరు భుజం మీద చెయ్యేశాడు. "ఏం టెన్షన్ పడొద్దు సామీ, బండి లేకుండానే పేపరు తెప్పిస్తా." చెయ్యి తీసేశాను. తీసేసినందుకు గర్వంగానే ఉంది, రాసుకోనివ్వండి.

ఈసారి టెస్ట్ బెంచ్ (పంపును ఎక్కించి కొలిచి చూసే మిషను) ఉన్న షాపుకు పోయాను. అతను మొదట చూపించింది పంపు మీద ఫుల్ లోడ్ స్క్రూ. దానికి తీగ కట్టి సీసపు సీలు ఉండాలి. తీగ తెగి వేలాడుతోంది, స్క్రూ మీద స్పానర్ గీత తళతళలాడుతోంది. మొదటివాడు చేసిన 'క్యాలిబ్రేషన్' అంతా ఆ స్క్రూ తిప్పడమే. డీజిల్ ఎక్కువ పోతోంది, కానీ టర్బో లేని ఇంజిన్ పీల్చే గాలి అంతే కదా. గాలి చాలని డీజిల్ సగం కాలి పొగై పోతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. ఇంకొన్నాళ్లు అలాగే నడిపితే పిస్టన్లకే ఎసరు.

సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి టెస్టర్‌కు పెట్టాడు. రెండు సన్నగా చిమ్మాయి, మిగతా రెండు చుక్కలు కార్చాయి. పంపు టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం) కూడా లేటుగా ఉంది. ఘాట్‌లో లాగకపోవడం అక్కడిది. స్పీడు రాకపోవడానికి కారణం ఇంకా చిన్నది. నన్ను ఎక్సలేటర్ పూర్తిగా తొక్కమని, పంపు దగ్గర లివరు చూశాడు. నా కాలు అడుగుకు తగిలింది, అక్కడ లివరు మాత్రం స్టాపర్‌కు వేలెడు దూరంలో ఆగిపోయింది. పెడల్ నుంచి పంపు దాకా ఉండే లింకేజీ బుష్‌లు అరిగిపోయాయి. లివరు చివరిదాకా పోకపోతే ఇంజిన్ పూర్తి ఆర్‌పీఎం ఎట్లా అందుకుంటుంది? ఈ పరీక్ష మీరు ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒకరు తొక్కాలి, ఒకరు చూడాలి, పైసా ఖర్చు లేదు. పంపు షాపుకు పోయే ముందు చేయండి, వాళ్లు మాత్రం చెప్పరు.

నాజిళ్లు మార్చి, టైమింగ్ సరిచేసి, స్క్రూ పాత కొలతకు తెచ్చి కొత్త సీలు వేశాడు. మళ్లీ పొగ పరీక్షకు పోతే మీటరు 65కి చాలా కిందే ఆగింది. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఈసారి ఒక్క మాట మాట్లాడలేదు. మొగిలి ఘాట్ థర్డ్ గేరులో ఎక్కుతోంది, చదునులో లోడుతో 65 పోతోంది.

కొందరు క్రౌన్ పినియన్ (వెనక యాక్సిల్‌లో గేర్ల జత) మార్పించు, స్పీడు పెరుగుతుంది అన్నారు. పెరుగుతుంది, ఘాట్‌లో లాగే బలం పోతుంది. రెండూ కావాలంటే కుదరదు. ఇంకొకాయన పెద్ద ఇంజిన్ వేయించమన్నాడు. ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ముందుగా అనుమతి కావాలి. అది లేకుండా వేయించి రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు ఏమంటారో ఆయనకేం తెలుసు. అయినా మా జిల్లాలో సగం బండ్లు లాగకపోవడానికి ఇంజిన్ కారణం కాదు, ఆర్‌సీలో రాసినదానికి మించి ఎక్కించడం. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడుకు 20,000 రూపాయల ఫైను, అదనపు ప్రతి టన్నుకు ఇంకో 2,000. అంత కట్టి పికప్ లేదని ఏడవడం దేనికి?

మొదటి షాపుకు పోయి తెగిన సీలు ఫోటో చూపించాను. "నీ బండి వచ్చేటప్పటికే తెగి ఉండె" అన్నాడు. డబ్బు తిరిగివ్వలేదు. ఇప్పుడు టాప్ గేరులో క్లచ్ కొంచెం జారుతోందని అనుమానం. మామిడి సీజన్ అయ్యాక విప్పిస్తాను, ఆ వీధిలో మాత్రం కాదు.