టెన్త్ అయిపోయింది, ఇప్పుడు ఎందులో చేర్పిద్దాం?

ఆదివారం, కాజీపేట

పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, మీ బావ రేపే ఫీజు కడ్తా అంటుండు, జర వచ్చి మాట్లాడు." పదో తరగతి ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి వాళ్లింట్లో ఇదే టెన్షన్. నేను వెళ్లేసరికి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ పీఆర్వో సోఫాలో కూర్చుని ఉన్నాడు. ఎంపీసీ, ఇంజినీరింగ్ ఎంట్రన్స్ ఈఏపీసెట్‌కి కోచింగ్, హాస్టల్ అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ అట. ఇవాళ అడ్వాన్స్ కడితే కన్సెషన్ ఇస్తామంటున్నాడు. పక్క గదిలోనే ఉన్న పిల్లని మాత్రం, నీకేం ఇష్టమమ్మా అని ఒక్క మాట కూడా అడగలేదు.

మా మేనకోడలు లెక్కల్లో గట్టిది. ఇంట్లో మిక్సీ ఆగినా, కూలర్ మోటారు తిరగకపోయినా ముందు స్క్రూడ్రైవర్ తీసేది అదే. వంటింట్లోకి పిలిచి, "మామా, నాకు ఎలక్ట్రికల్ ఇష్టం, పాలిటెక్నిక్‌ల చేర్త" అంది. పాలిటెక్నిక్ ఎంట్రన్స్ పాలీసెట్‌కి స్కూల్లో సారే అప్లై చేయించాడట. పరీక్ష కూడా దగ్గర పడింది.

బావతో ఆ మాటంటే, "డిప్లొమా, ఐటీఐ అన్నీ మార్కులు రానోళ్లకు. దీనికి మంచి మార్కులొచ్చినయి గదా" అన్నాడు. నేను ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి, అప్రెంటిస్ పూర్తి చేసి రైల్వేలో చేరినవాణ్ని. నన్ను తక్కువ చేయాలని ఆయన అనలేదని తెలుసు. అయినా మనసు చివుక్కుమంది. ఇష్టపడి పానా పట్టుకునే పిల్లలు కూడా ఉంటారని మన ఇళ్లలో ఎవరూ నమ్మరు. చదువు రానివాడికి వేసే శిక్షలా చూస్తారు ఐటీఐని.

పీఆర్వో వెళ్లాక అతనిచ్చిన పాంప్లెట్ వెనకే లెక్క రాసి చూపించాను. ఇంటర్ 2 ఏళ్లు, బీటెక్ 4 ఏళ్లు, మొత్తం 6. పాలిటెక్నిక్ డిప్లొమా 3 ఏళ్లు చేసి ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, అంటే ఇంకో 3 ఏళ్లు. అదీ ఆరే. ఐటీఐ ఎలక్ట్రీషియన్ 2 ఏళ్లు చేసినవాళ్లు కూడా ఎల్‌పీసెట్ రాసి డిప్లొమా రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. ఆ దారిన బీటెక్ దాకా పోతే 7 ఏళ్లు. బావ ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. పాలిటెక్నిక్‌లో చేరితే ఇంజినీరింగ్ తలుపు మూసుకుపోతుందనే ఇన్నాళ్లూ అనుకున్నాడు.

ఇంటర్ వద్దని నేను చెప్పలేదు. డాక్టరు కావాలంటే బైపీసీ చదివి నీట్ రాయాల్సిందే. ఫిజిక్స్, లెక్కల పుస్తకాలు ముందేసుకుని గంటలు గంటలు కూర్చోగలిగే పిల్లలకి ఎంపీసీ మంచి చోటు. డిప్లొమాలోనూ కష్టం తక్కువేం కాదు. ఈసెట్‌లో మంచి కాలేజీ సీటుకి పోటీ బాగా ఉంటుంది, మూడేళ్లు లెక్కల మీద పట్టు వదలకూడదు. అది పిల్లకే విడిగా చెప్పాను, తలూపింది. కానీ మధ్యలో పైచదువు వద్దనుకున్నా చేతిలో ఒక పని ఉంటుంది. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్, అంటే రైలింజన్ డ్రైవరుకి సహాయంగా ఉండే పోస్టుకి టెన్త్‌తో పాటు ఐటీఐ ఉన్నా, ఇంజినీరింగ్ డిప్లొమా ఉన్నా అప్లై చేయొచ్చు. ఒట్టి ఇంటర్ సర్టిఫికెట్ అక్కడ పనికిరాదు.

అక్క భయం వేరు. ఆడపిల్ల కరెంటు పని ఎట్ల చేస్తది అంది. ఇంజన్లు నడిపే ఆడపిల్లల గురించి చెప్పాను. రైల్వేలో ఇప్పుడది వింత కాదు, రాత్రి డ్యూటీలు కూడా చేస్తున్నారు. అక్క వెంటనే ఒప్పుకోలేదు. హాస్టల్ ఎట్లుంటది, బస్సు ఎట్ల అని అడుగుతూనే ఉంది. ఆ ప్రశ్నలు సరైనవే, అందుకే వరంగల్ ప్రభుత్వ పాలిటెక్నిక్‌కి వాళ్లని స్వయంగా తీసుకెళ్తానన్నాను. వర్క్‌షాప్, ల్యాబులు కళ్లతో చూస్తే పిల్లకీ తేలిపోతుంది, నిజంగా ఇష్టమా, ఊరికే మోజా అని.

ప్రస్తుతానికి బావ అడ్వాన్స్ కట్టడం ఆపాడు. పాలీసెట్ ర్యాంకు వచ్చాక చూద్దాం అన్నాడు. సాయంత్రం నేను బయల్దేరేటప్పుడు మేనకోడలు పాత పాలీసెట్ పేపర్లు కావాలని అడిగింది. మా రైల్వే షెడ్‌లో ఒకాయన కొడుకు పోయినేడాది రాశాడు, రేపు డ్యూటీలో అడిగి తెచ్చివ్వాలి.