తాతగారి .315 రైఫిల్‌కి నూనె పట్టించాం

తాతగారి రైఫిల్ బాగుచేయిస్తానంటే ఇంట్లో అందరూ ఒకటే అడిగారు, ఇప్పుడు దాంతో ఏం వేటాడతావురా అని. వేట 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక పోయింది, సాలూరు అడవుల్లో పందుల కథలు తాతగారితోనే పోయాయి, లైసెన్స్ మాత్రం నాన్న తర్వాత నా పేరుకొచ్చింది, ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పజెప్పి మళ్ళీ తెచ్చుకోవడం తప్ప దానికి వేరే పనేం లేదు.

బెంగాల్‌లోని ఇషాపూర్ ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీ సరుకు. .303 మిలిటరీ తూటా కాబట్టి మామూలు జనానికి నిషేధం, అందుకని అదే లీ ఎన్‌ఫీల్డ్ మిలిటరీ రైఫిల్ బోల్ట్‌తో (తూటాని లోపలికి తోసి బిగించే గడి) .315 తూటాకి చేసి అమ్మేవారు. ఇనుము జోలికి మనం వెళ్ళకూడదు, వైజాగ్‌లో లైసెన్సున్న డీలర్‌కే ఇచ్చా. మళ్ళీ బ్లూయింగ్ (ఇనుముకి వేసే నీలినలుపు పూత) వేయించండి కొత్తదిలా మెరుస్తది అన్నాడాయన, నేను వద్దన్నా. నూనె రాసి సన్న స్టీల్ ఊల్‌తో పైతుప్పు తీస్తే చాలు. బఫింగ్ (మెషీన్‌తో సాన) పెడితే ఇనుము మీద కొట్టిన రైఫిల్ నంబరు అరిగిపోద్ది, నంబరు చెరిపితే ఆయుధాల చట్టం కింద కేసు, అయినా గోధుమరంగు తిరిగిన ఆ ఇనుమే నాకు బాగుంటది.

రైఫిల్ కర్ర భాగం మాత్రం డీలర్ విప్పి ఇచ్చాక ఇంట్లోనే చేశాం. బొబ్బిలి నుంచి తెలిసిన వడ్రంగి వచ్చాడు, వీణల పనస కర్ర మీద చెయ్యి తిరిగినోడు, చూడగానే "ఏటి బాబూ, చిత్రిక పట్టేత్తే కొత్తదైపోద్ది కదా" అన్నాడు. వాల్‌నట్ కర్ర, కాస్త చెక్కినా ఇనుము కూర్చునే చోట సందు వచ్చేస్తది అంటే ఒప్పుకున్నాడు. రిమూవర్‌తో పాత వార్నిష్ తీసి, నొక్కులు పడ్డచోట తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనించాం, బుస్సుమని ఆవిరి లేచి గుంట మెల్లగా పైకొస్తంటే చూడాలి, భలే ఉంటది! నొక్కుకుపోయిన నార నీళ్ళు తాగి ఉబ్బుతుందన్నమాట. తెగిన నార మాత్రం లేవదు, అందుకే బట్ (భుజానికి ఆనించే చివర) దగ్గర కత్తిగాటు అలాగే ఉంది, దానికి లప్పం పెట్టనివ్వలేదు నేను.

తర్వాత అవిసె నూనె, అరచేత్తో పల్చగా రుద్ది, పూర్తిగా ఆరాకే ఇంకో పూత. ఆ నూనెగుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, విడివిడిగా ఆరేయాలి.

నాన్న వాడిన రెక్సిన్ కవరు ఇక వద్దన్నా, వానాకాలం చెమ్మంతా లోపలే పట్టి ఉంచుతది. అమ్మ దాన్ని పారేయనివ్వలేదు, గొడుగులు పెట్టుకోడానికి పనికొస్తదంట.