స్టాటిస్టిక్స్ చదివి ఏం చేస్తావురా?

నిన్న మిర్యాలగూడ దగ్గర మా మేనమామ పొలంలో పంట కోత ప్రయోగం జరిగింది, అంటే కొంచెం చోట పంట కోసి తూచి దిగుబడి అంచనా వేయడం. మండల గణాంక అధికారి ర్యాండమ్ నంబర్లు చూసి పొలంలో చోటు తేల్చి, ఐదేసి మీటర్ల చొప్పున నాలుగు పక్కలా తాడు కట్టించి, ఆ 25 చదరపు మీటర్ల వరి మాత్రమే కోయించి, అక్కడే కొట్టించి తూకం వేశారు. "గట్టు పక్కన ఏపుగా ఉంది, అది కోయండి సార్" అని మామ ఎంత బతిమాలినా ఆయన వింటే కదా!

నాకు నవ్వొచ్చింది. ర్యాండమ్ శాంపిలింగ్ (మన ఇష్టప్రకారం కాకుండా లాటరీలా నమూనా ఎంచుకోవడం) గురించి డిగ్రీలో పేజీలకు పేజీలు రాశాను గానీ, బురదలో దిగి చూడటం ఇదే మొదలు.

నల్లగొండలో మ్యాథ్స్, స్టాట్స్, కంప్యూటర్స్ చదివిన మూడేళ్లూ ఇంట్లో ఒకటే ప్రశ్న, బీఈడీ చేస్తావా, సాఫ్ట్‌వేర్ కోచింగా అని. కేంద్ర ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ పరీక్షలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టు ఉంటుందని, డిగ్రీలో స్టాట్స్ ఒక సబ్జెక్టుగా ఉన్నా యూపీఎస్‌సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ (ఐఎస్‌ఎస్) పరీక్ష రాయొచ్చని కాలేజీలో ఒక్కరూ చెప్పలేదు (నేనూ అడగలేదు, అది వేరే సంగతి). హైదరాబాద్‌లో మందుల ట్రయల్స్ డేటా చూసే కంపెనీల్లోనూ స్టాట్స్ చదివినవాళ్లకు పని ఉంది, కాకపోతే డేటా విశ్లేషణకు వాడే శాస్ (SAS) ప్రోగ్రామింగ్ విడిగా నేర్చుకోవాలి. బీమా కంపెనీల్లో రిస్కు లెక్కలు కట్టే యాక్చువరీ అయితే జీతం బాగుంటుంది గానీ, ఆ పరీక్షలు ఏళ్ల తరబడి సాగుతాయి, నా వల్ల కాదు.

ఐఎస్‌ఎస్ సిలబస్ రాత్రే డౌన్‌లోడ్ చేశాను. మామకు చెబితే, "సరే గానీ, ముందు ఆ వడ్ల బస్తా పట్టు" అన్నాడు.