ఎక్స్‌టెండెడ్ వారంటీ కట్టే ముందు మన నీళ్లనీ ఉప్పుగాలినీ లెక్కలో వేసుకోండి

కొత్త కారు బిల్లు వేసేటప్పుడు షోరూములో ఆఖరున ఎక్స్‌టెండెడ్ వారంటీ కాగితం బయటికొస్తుంది. పది లక్షల బండి పక్కన ఇంకో ఇరవై వేలంటే కంటికి ఆనదు, కొందరు సంతకం పెట్టేస్తారు. కొందరు దండగని అక్కడికక్కడే కొట్టేయిస్తారు. నన్నడిగితే ఇద్దరూ తొందరపడ్డట్టే. గోదావరి డెల్టాలో కారు దేనివల్ల పాడవుతుందో, అందులో వారంటీ కిందికి వచ్చేదెంతో చూసుకున్నాకే ఆ కాగితం ముట్టుకోవాలి.

వారంటీ అనేది తయారీలో ఉన్న లోపానికి కంపెనీ పూచీ. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఆ పూచీకే గడువు పెంచుతుంది, పరిధి పెంచదు. వాడకంతో అరిగే క్లచ్ ప్లేటు, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, వైపర్ బ్లేడ్లు, ఫిల్టర్లు మొదట్నించీ బయటే. వరద నీరు, తుప్పు, ఎలుకలు కొరికిన వైర్లు, కల్తీ ఇంధనం కూడా బయటే. మన వైపు కార్లని తినేవి ముఖ్యంగా ఈ రెండో వరసలోవే. అందుకే చేతిలో డబ్బు ఒకదానికే సరిపోతే ముందు ఇన్సూరెన్సులో ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ (నీళ్లు పోయి పాడైన ఇంజిన్ కోసం పాలసీకి అదనంగా కట్టేది) తీసుకోండి. వారంటీ సంగతి ఆ తర్వాత.

ఎందుకంటే, జూలై, ఆగస్టుల్లో లంకల దగ్గర కాజ్‌వేల మీదికి గోదావరి ఎక్కుతుంది. ముందు బండి వెళ్లింది కదా అని వెనక బండి దిగుతుంది. ఎయిర్ ఫిల్టర్ దారిన నీళ్లు సిలిండర్లోకి పోయి ఇంజిన్ ఆగుతుంది. అప్పుడు మళ్లీ స్టార్ట్ బటన్ నొక్కడమే అసలు నష్టం. గాలి నలుగుతుంది కానీ నీరు నలగదు. పిస్టన్ పైదాకా రాలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మామూలు ఇన్సూరెన్సు పాలసీ దీన్ని వరద నేరుగా చేసింది కాదు, తర్వాత జరిగిన నష్టమని తీసేయవచ్చు, వారంటీ అయితే ఆ మాటే ఎత్తదు. ఆగిన బండిని స్టార్ట్ చేయకుండా, అందే వీలుంటే బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి, తోయించో టోయింగ్ బండి మీదో సర్వీస్ సెంటరుకి చేర్చండి. డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిలు మట్టం చూసే పుల్ల) లాగితే ఆయిలు పాలు కలిసిన టీ రంగులో కనిపించిందంటే లోపలికి నీళ్లు చేరినట్టే.

నీళ్లలో మునిగిన బండి ఏడాది తర్వాత కూడా పట్టిస్తుంది. ఇంజిన్ కంప్యూటర్ పోయిందని వారంటీ కింద తీసుకెళ్తే, మెకానిక్ మొదట సీటు బెల్టు మొత్తం బయటికి లాగి చూస్తాడు. రీలులో చుట్టుకుని ఉండే చివరి జానెడు బెల్టు మీద మట్టి గీత ఉంటుంది. డ్యాష్‌బోర్డు కింద వైర్లు కలిపే కప్లర్ ఊడదీస్తే రాగి పిన్నులకు పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. క్లెయిమ్ అక్కడితో సరి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లూ ఈ రెండు చోట్లా తప్పక చూసుకోవాలి.

అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపు ఉప్పుగాలిది ఇంకో తీరు. బండి ముందు భాగంలో ఉండే ఏసీ కండెన్సర్ అల్యూమినియం రెక్కలు తెల్లగా పొడి కట్టి, వేలితో తాకితే రాలిపోతుంటాయి. గ్యాసు లీకై చల్లదనం తగ్గుతుంది. తుప్పు పేరు చెప్పి దీన్ని తిప్పి పంపే అవకాశం ఎక్కువ. అదే ఏసీ గ్యాసుని నొక్కి తిప్పే కంప్రెసర్ లోపల్నించి పట్టేస్తే ఇస్తారు. కాబట్టి "ఏసీ కవరవుతుందా" అని అడిగి ఊరుకోవద్దు. కంప్రెసర్, కండెన్సర్, కూలింగ్ కాయిల్ మూడూ విడివిడిగా అడిగి, కాగితంలో ఎక్కడుందో చూపించమనండి.

బోరు నీళ్ల సంగతి చాలామందికి తట్టదు. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. కూలెంట్ తగ్గిందని చెంబుడు బోరు నీళ్లు పోస్తే రేడియేటర్ గొట్టాల్లో పెచ్చు కడుతుంది, ఇంజిన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోతుంది. సర్వీస్ సెంటర్లో మూత తీసి తెల్లటి పెచ్చు చూశారంటే తప్పు మీ మీదికే వస్తుంది. కంపెనీ చెప్పిన కూలెంట్ లీటరు డబ్బా డిక్కీలో పడేసి ఉంచుకోండి.

ఇవన్నీ పోను వారంటీ కింద మిగిలేవి కొన్నే, కానీ ఒక్కోటీ బరువైనవి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్, అందులోనూ రెండు క్లచ్‌ల రకం, దాని కంట్రోల్ యూనిట్, టర్బో, డీజిల్ ఇంజెక్టర్లు, హై ప్రెజర్ పంపు, ఎలక్ట్రిక్ స్టీరింగ్, ఇంజిన్ కంప్యూటర్. ఇవి ఉన్న బండిని ఐదేళ్లకు పైన ఉంచుకునేవాళ్లయితే నా మాట, తీసుకోండి. టర్బో లేని పెట్రోలు ఇంజిన్, చేత్తో వేసే గేర్లు, మూడు నాలుగేళ్లలో మార్చేసే అలవాటు ఉంటే ఆ డబ్బు బ్యాంకులో వేసుకోవడం మేలు. రెంటికీ మధ్యలో ఉన్నవాళ్లు విడిభాగాల కౌంటరులో గేర్‌బాక్స్, కంప్రెసర్, స్టీరింగ్ ధరలు మూడూ కాగితం మీద రాయించుకుని వారంటీ ధర పక్కన పెట్టి చూడాలి. ఎలక్ట్రిక్ కార్లకు బ్యాటరీ హామీ చాలావరకు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లని విడిగానే ఉంటుంది, దానికోసం మళ్లీ కొనక్కర్లేదు.

తర్వాత కిలోమీటర్ల లెక్క. మారుతీ సుజుకీ 2024 జూలైలో మామూలు వారంటీని 3 ఏళ్లు లేదా 1,00,000 కిలోమీటర్లకు పెంచింది. ఐదో ఏడు దాకా పొడిగిస్తే హద్దు 1,40,000. ఏళ్లూ కిలోమీటర్లూ ఏది ముందు నిండితే అక్కడితో ఆఖరు. నెలకి 1,000 కిలోమీటర్లు తిరిగే బండి ఐదేళ్లకి 60,000 దగ్గరుంటుంది, అదనంగా కొన్న రెండేళ్లూ పూర్తిగా చేతికొస్తాయి. రొయ్యల మేత వ్యాపారం మీద భీమవరం, నరసాపురం, అమలాపురం చుట్టుకొస్తూ నెలకి 3,500 తిరిగే బండికి 29 నెలల్లోనే లక్ష నిండుతుంది. మిగిలిన 40,000 సుమారు పదకొండున్నర నెలల్లో అయిపోతుంది. రెండేళ్లకని డబ్బు కట్టి ఏడాది కూడా వాడుకోలేదన్నమాట. ఇలా తిరిగేవాళ్లు కిలోమీటర్ల హద్దు లేని ప్లాను దొరికితేనే ఆలోచించాలి.

డబ్బు కారు లోనులో కలిపేస్తామంటారు, వద్దనండి. 20,000 రూపాయలు 9.5 శాతం వడ్డీకి ఐదేళ్ల లోనులో కలిపితే నెలకి 420 చొప్పున మొత్తం 25,200 కడతారు. పైగా మొదటి మూడేళ్లూ దాంతో పనే పడదు. మామూలు వారంటీ తీరేలోపు తర్వాతైనా కొనే వీలు చాలా కంపెనీల్లో ఉంది. ఆలస్యమయ్యే కొద్దీ ధర పెరుగుతుంది కాబట్టి ఏ తేదీకి ఎంతవుతుందో డెలివరీ రోజే రాయించుకోండి.

కాగితం ఎవరి పేరు మీదుందో కూడా చూడాలి. కారు కంపెనీదైతే రాజమండ్రిలో పాడైనా హైదరాబాదులో పాడైనా వాళ్ల ఏ సర్వీస్ సెంటరుకైనా తీసుకెళ్లవచ్చు. డీలరుదో బయటి సంస్థదో అయితే ఒక్కో క్లెయిమ్‌కి ఎంతవరకు ఇస్తారు, ముందు మనం కట్టి తర్వాత వసూలు చేసుకోవాలా అన్నది చూడండి. కోనసీమలో అన్ని కంపెనీలకూ సర్వీస్ సెంటర్లు లేవు. అమలాపురం నుంచి రాజమండ్రి టోయింగ్ అంటే అరవై కిలోమీటర్ల పైమాటే, ఆ ఖర్చు ఈ వారంటీలో ఉందో, రోడ్ సైడ్ అసిస్టెన్స్‌కి వేరే కట్టాలో అడగండి.

తీసుకున్నాక దాన్ని కాపాడుకునేది సర్వీసు తేదీలే. ఎక్కువ కార్లకి 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. పెళ్లిళ్లకీ పండగలకీ మాత్రమే షెడ్డులోంచి తీసే బండి ఏడాదికి 3,000 కూడా తిరగదు, "ఇంకా పదివేలు కాలేదు కదా" అని సర్వీసు మానేస్తారు. క్లెయిమ్ పోయేది అక్కడే. ఆ బండికి వరి కోతలప్పుడు ఎలుకల బెడద కూడా ఎక్కువ, వారానికోసారైనా బానెట్ ఎత్తి చూడాలి. హారన్లూ ఫాగ్ లైట్లూ బయట పెట్టించేటప్పుడు అసలు వైరు కోసి అతకనివ్వకండి, కప్లర్‌కి కప్లర్ తగిలించే కిట్టు వాడించి బిల్లు దాచండి.

అమ్మేటప్పుడు మిగిలిన వారంటీ చాలావరకు కొన్నవాళ్లకి మారుతుంది, కానీ దానంతటది కాదు. ఆర్సీ పేరు మారాక కంపెనీ చెప్పిన గడువులోపు ఫారం నింపి, సర్వీసు రికార్డు చూపించాలి, కొన్నిచోట్ల ఫీజు కూడా ఉంటుంది. బేరం తేలాక పూర్తి డబ్బు ఇచ్చేముందే అమ్మేవాళ్లని సర్వీస్ సెంటరుకి తీసుకెళ్లి, కంప్యూటర్లో ఆ బండి నంబరు కొట్టించి వారంటీ ఎప్పటిదాకా ఉందో కళ్లతో చూసుకోండి.