మెమరీ డ్రాయింగ్‌లో మనిషి నిలబడాలంటే: బీఎఫ్‌ఏ ఎంట్రన్స్‌కు నా లైఫ్ డ్రాయింగ్ ప్రిపరేషన్

బీఎఫ్‌ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఎంట్రన్స్‌కు ప్రిపేర్ అవుతున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది రంగుల గురించి. ఏ కంపెనీ పోస్టర్ కలర్స్ కొనాలి, ఏ నంబర్ బ్రష్ వాడాలి అని. నేను మాత్రం తిప్పితిప్పి మనుషుల బొమ్మల దగ్గరికే వస్తాను. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) పెట్టే పరీక్షలో మెమరీ డ్రాయింగ్ (ఇచ్చిన టాపిక్‌ని జ్ఞాపకం నుంచి వేయడం), కలరింగ్ ఉంటాయి. దానికోసం మనం ప్రాక్టీస్ చేసే టాపిక్స్ ఒకసారి గుర్తు చేసుకోండి. బస్టాపు, కూరగాయల మార్కెట్, బోనాలు, వినాయక నిమజ్జనం, స్కూల్ గ్రౌండ్. మనుషులు లేని టాపిక్ దొరకడం కష్టం. చెట్టు కొమ్మ కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. మనిషి చెయ్యి కాస్త పొడుగైతే బొమ్మలంటే ఏమీ తెలియనివాళ్లు కూడా పట్టేస్తారు.

నేను స్కూల్లో ఉండగానే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు పాసయ్యాను. కుండలు, డబ్బాలు, పూల డిజైన్లు బాగానే వచ్చేవి. మనిషిని మాత్రం ఫొటో చూసి గళ్లు కొట్టుకుని వేసేదాన్ని. పోలిక కుదిరేది, షేడింగ్ మెరిసేది, ఇంట్లో వాళ్లు మెచ్చుకునేవాళ్లు. అదే మనిషిని ఫొటో లేకుండా పక్కకి తిరిగి నిలబడ్డట్టు వేయమంటే చెయ్యి కదిలేది కాదు. మెమరీ డ్రాయింగ్ పరీక్షలో ఫొటో ఉండదు కదా. అందుకే ఇంటర్ సెకండియర్లో ఆదివారాలు లైఫ్ డ్రాయింగ్ (ఎదురుగా ఉన్న మనిషిని చూసి వేయడం) క్లాసుకి వెళ్లడం మొదలుపెట్టాను.

అక్కడ మోడల్‌గా కూర్చునేది దగ్గర్లో ఒక అపార్ట్‌మెంట్‌కి రాత్రిపూట కాపలా ఉండే తాత. లుంగీ, బనియన్, భుజం మీద తువ్వాలు. క్లాసు మొదట్లో అన్నీ చిన్న పోజులే. అర నిమిషం, నిమిషం, రెండు నిమిషాలు. బొమ్మ పూర్తి కాకముందే తాత పోజు మార్చేసేవాడు. ముఖం వేయడానికి టైముండదు, వేళ్లకి అసలే ఉండదు. తల ఎటు వంగింది, వెన్నెముక ఎలా తిరిగింది, బరువు ఏ కాలి మీద ఉంది, ఈ మూడూ నాలుగైదు గీతల్లో వచ్చేయాలి. దీన్నే జెశ్చర్ డ్రాయింగ్ అంటారు. మొదట్లో అదంతా పిచ్చిగీతల్లా కనిపిస్తుంది, ఇంట్లో చూపిస్తే నవ్వుతారు. చూపించకండి.

నా పాత షీట్లలో ఎవరూ సరిగ్గా నిలబడి ఉండరు. ఒకరు వెనక్కి పడిపోతున్నట్టు, ఇంకొకరు గాల్లో వేలాడుతున్నట్టు ఉంటారు. క్లాసులో సార్ ఒక దారానికి నట్టు కట్టి నా చేతికిచ్చారు, మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండు లాంటిదే. ఒక కన్ను మూసి దాన్ని తాత గొంతు కింద గుంటకి సూటిగా పట్టుకోమన్నారు. ఒంటికాలి మీద బరువు వేసి నిలబడినప్పుడు ఆ దారం దాదాపుగా బరువు మోసే కాలి చీలమండ దగ్గరికే దిగుతుంది. ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది. రెండో కాలు ఊరికే ఆనించి ఉంటుంది. ఇది కళ్లారా చూశాక నా బొమ్మల్లో కాళ్లు నేలకి ఆనడం మొదలైంది. షేడింగ్ లేకపోయినా సరే, గీతల్లోనే బరువు తెలిసేది.

ఈ భుజం, తుంటి వాలు సంగతి మన శిల్పులకి బాగా తెలుసు. త్రిభంగం (ఒళ్లు మూడు చోట్ల వంపు తిరిగే భంగిమ) అని మనం ఎంట్రన్స్‌లోని ఆబ్జెక్టివ్ పేపర్ కోసం బట్టీ పట్టేది ఇదే. రామప్ప గుడికి వెళ్తే చూరు కింద ఉన్న మదనికల్ని (స్త్రీ శిల్పాల్ని) ఫొటో తీసుకుని వచ్చేయకండి, ఒక్కో శిల్పం ముందు నిలబడి ఏ కాలి మీద బరువుందో వెతకండి. గుడి కట్టింది 1213లో, యునెస్కో గుర్తింపు వచ్చింది 2021లో. ఆ రెండు సంవత్సరాలు జీకేకి, మదనికలు డ్రాయింగ్‌కి.

కొలతలకొస్తే, నిలబడిన పెద్ద మనిషి సుమారు ఏడున్నర తలల ఎత్తు ఉంటాడని అన్ని చోట్లా చెబుతారు. నిజమే, కానీ మన టాపిక్స్‌కి అది చాలదు. డ్రాయింగ్ పుస్తకాల్లో మోడల్స్ ఎక్కువగా నిలబడో, కుర్చీలోనో ఉంటారు. మన మార్కెట్లో కూరలమ్మే ఆమె గొంతుక్కూర్చుంటుంది, జాతరలో భజన చేసేవాళ్లు బాసింపట్టు వేసుకుని ఉంటారు. అందుకే మేం తాతని అలా కూడా కూర్చోమని అడిగేవాళ్లం. కింద కూర్చున్న మనిషి దాదాపు నాలుగు తలలు వస్తాడు. కుర్చీలో కూర్చుంటే ఆరు తలలకి కాస్త అటూ ఇటూ. గొంతుక్కూర్చున్నప్పుడు మోకాళ్లు చంకల దాకా వస్తాయి, మడమలు నేలకి ఆనతాయి, వీపు గుండ్రంగా అవుతుంది, తొడ మనకి ఎదురుగా ఉంటే పొడవు తగ్గిపోయి పొట్టిగా కనిపిస్తుంది. ఆ పొట్టితనాన్ని నమ్మి వేయడమే కష్టం. తొడ పొడుగ్గా ఉంటుందని బుర్ర చెబుతూనే ఉంటుంది, చెయ్యి దాని మాటే వింటుంది. అప్పుడు తొడని వదిలేసి, మోకాలికీ గడ్డానికీ మధ్య ఖాళీ ఏ ఆకారంలో ఉందో అది వేయండి. ఖాళీని సరిగ్గా వేస్తే తొడ దానంతట అదే కుదురుతుంది.

చెయ్యి, పాదం విషయంలో ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ షీట్లు చూశాను, అందరూ చిన్నవిగానే వేస్తున్నారు. మీ అరచెయ్యి ముఖం మీద పెట్టుకుని చూడండి, గడ్డం నుంచి నుదురు దాకా వస్తుంది. పాదం మోచేతి మడత నుంచి మణికట్టు దాకా ఉంటుంది. హాల్లో అనుమానం వస్తే మీ ఒళ్లే మీకు స్కేలు, ఇన్విజిలేటర్ కూడా ఏమీ అనడు.

బట్టల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మార్కెట్ సీన్లో సగం మంది చీరల్లోనే ఉంటారు. చీర కట్టిన బొమ్మ అంటే చాలామంది కుచ్చిళ్లకి నిలువు గీతలు గీసేసి కింద రెండు పాదాలు అతికిస్తారు. లోపల కాళ్లు ఉన్నాయని అనిపించదు. ముందు ఒళ్లు లైట్‌గా వేసుకుని, తర్వాత గుడ్డ ఎక్కడెక్కడ తగులుతోందో చూడాలి: భుజం, రొమ్ము, తుంటి, ముందుకి వచ్చిన మోకాలు. మడతలు ఆ చోట్ల నుంచే బయల్దేరతాయి, తగలని చోట వదులుగా జారతాయి. ఇది అర్థం కావడానికి సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కా విగ్రహం దగ్గర స్కెచ్ పుస్తకంతో నిలబడ్డాను. పాలరాతి ముసుగు కింద ముక్కు, పెదవులు ఎలా తెలుస్తున్నాయో చూస్తే, ఏ మడత ఉంచాలో ఏది వదిలేయాలో తెలుస్తుంది. జనం సెల్ఫీల కోసం తోసుకుంటూ ఉంటారు, పొద్దున్నే వెళ్లండి. శుక్రవారం మ్యూజియం ఉండదు.

రాజమండ్రి వైపు వాళ్లకి ఇంకో అదృష్టం ఉంది, చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీ. 1897లో పుట్టి, బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదివి, 1925లో 27 ఏళ్లకే చనిపోయాడు. ఆబ్జెక్టివ్‌కి ఈ వివరాలు చాలు గానీ, మనుషుల ఒళ్లు ఎలా తిరుగుతుందో ఆయన బొమ్మల్లో చూసినవాళ్లకి దొరికేది వేరు.

క్లాసులో పెద్ద పోజులు తర్వాత వచ్చాయి. తాత పాదాల చుట్టూ, కుర్చీ కాళ్ల చుట్టూ చాక్‌పీస్‌తో గీత గీసేవాళ్లం. బ్రేక్ తర్వాత మళ్లీ అక్కడే కాళ్లు పెట్టేవాడు. అయినా కాసేపటికి భుజాలు దిగిపోతాయి, మెడ వాలుతుంది. "తాతా, కాస్త నిటారుగా" అని ఒకరిద్దరు అనేవాళ్లు. నాకది నచ్చేది కాదు. కదలకుండా కూర్చోవడం ఎంత కష్టమో తెలియాలంటే ఒకసారి మీరు కూర్చుని చూడండి. మేం వంతులవారీగా కూర్చున్నాం, నాకు కాలు తిమ్మిరెక్కి లేవలేకపోయాను. తాత "ఇప్పుడు తెలిసిందా బిడ్డా" అని నవ్వాడు. ఆ తిమ్మిరి వల్ల లాభం కూడా జరిగింది. బరువు ఎక్కడ పడుతుందో ఒంటికి తెలిశాక కాగితం మీద పెట్టడం తేలికైంది.

సామానుకి పెద్దగా ఖర్చు పెట్టకండి. చిన్న పోజులకి న్యూస్‌ప్రింట్ (వార్తాపత్రికల కాగితం), పెద్ద పోజులకి కార్ట్రిడ్జ్ షీట్ (మందపాటి డ్రాయింగ్ కాగితం), 2బీ నుంచి 6బీ దాకా పెన్సిళ్లు, కాస్త చార్‌కోల్ (బొమ్మలు వేసే బొగ్గు). చార్‌కోల్ ఎందుకంటే దాంతో కంటి రెప్పలు వేయలేరు, పెద్ద ఆకారమే వేయాలి. రబ్బరు మొదటి పది నిమిషాలు బ్యాగులోనే ఉంచితే మంచిది.

పరీక్షకి ముందు నెలల్లో క్లాసుతో పాటు మెహదీపట్నం రైతుబజార్లో, బస్టాండ్లో నిలబడి స్కెచ్‌లు వేశాను. రాత్రి ఇంటికొచ్చాక పుస్తకం మూసేసి, చూసిన మనుషుల్లో ఒకరిని జ్ఞాపకం నుంచి వేసేదాన్ని. మెమరీ డ్రాయింగ్‌కి ఇదొక్కటే అసలైన ప్రాక్టీస్ అని నా అభిప్రాయం. పాత టాపిక్‌కి రెడీమేడ్ కంపోజిషన్ బట్టీ పట్టి వెళ్లేవాళ్లు ఉంటారు, టాపిక్ కొంచెం మారగానే వాళ్లకి టెన్షన్ మొదలవుతుంది.

గుంపు వేసేటప్పుడు ఒక సంగతి బాగా పనికొస్తుంది. మీరూ అదే నేల మీద నిలబడి చూస్తున్నట్టు వేస్తే, నిలబడిన పెద్దవాళ్ల కళ్లన్నీ దాదాపు ఒకే గీత మీదికి వస్తాయి, దగ్గరున్నా దూరంగా ఉన్నా. మారేది పాదాలే. దూరం వాళ్ల పాదాలు పైకి వస్తాయి. పిల్లలు, కూర్చున్నవాళ్లు ఆ గీత కింద ఉంటారు. హాల్లో నేను ముందు ఆ గీత గీసుకుని, ముందువైపు ముగ్గురిని పెద్దగా పెట్టాను, ఒకరి వెనక ఒకరు కొంచెం కప్పేలా. వెనక జనాన్ని రంగు మచ్చలతో సరిపెట్టాను. పదిహేను మంది చీమలంత మనుషుల కంటే ముగ్గురు గట్టిగా నిలబడ్డవాళ్లు మేలు. ముఖాలు చివర్లో, టైం మిగిలితేనే. సీటు పెయింటింగ్‌లో వచ్చింది.

ఊళ్లో లైఫ్ క్లాస్ లేదు, ఏం చేయాలి అని అడిగేవాళ్లకి: నలుగురు ఫ్రెండ్స్ కలవండి, వంతులవారీగా కూర్చోండి, ఫోన్లో టైమర్ పెట్టుకోండి. ఎవరూ దొరకని రోజు అద్దం ముందు నిలబడి మీ ఎడమ చేతినో, పాదాన్నో వేయండి. ఇంట్లో అమ్మ కూరగాయలు తరుగుతూ కూర్చున్నప్పుడు వెనక నుంచి వేయండి, ఎదురుగా కూర్చుంటే కొంగు సర్దుకోవడం మొదలుపెడుతుంది, పోజు పోతుంది. సిలబస్, పేపర్ల వివరాలు మాత్రం ఏటా కొత్త నోటిఫికేషన్‌లోనే చూసుకోండి, సీనియర్లు చెప్పారని పాతవాటి మీద ఆధారపడకండి.