దేవసహాయం దగ్గరికి వెళ్లి మనం ఏం చేసొస్తున్నాం?

తమిళనాడులో కన్యాకుమారి వైపు, క్రీస్తు విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన పునీత దేవసహాయం యాత్రకు వెళ్లినవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "గంటలా మోగే రాయి ఎక్కడుంది?" ఆయన్ని చంపిన కొండ కాట్టాడిమల మీద ఆ బండను రాయితో కొడితే గణగణమంటుంది, నిజమే. పులియూర్కురిచ్చిలో, దాహంతో అల్లాడుతూ ఆయన మోచేత్తో పొడిస్తే నీరు ఊరిందని చెప్పే బండ దగ్గర సీసాలు నింపుకుంటాం. తప్పని అనను. కానీ ఆయన్ని ఎందుకు చంపారో ఎవరైనా తలుచుకుంటున్నారా?

తిరువిదాంకూరు (ట్రావన్‌కోర్) రాజు కొలువులో ఉద్యోగం, పెద్దకులమైన నాయర్ల ఇంటి పుట్టుక, ఆ కొలువులోనే ఉన్న డచ్చి సేనాని డిలనాయ్ చెప్పిన బైబిలు యోబు కథ, 1745లో వడక్కన్‌కుళంలో జ్ఞానస్నానం... ఇదంతా తెలిసిందే. నా మనసు ఆగిపోయేది ఆ తర్వాత జరిగినదాని దగ్గర. తక్కువ కులాలని దూరం పెట్టినవాళ్లతో కలిసిమెలిసి తిరిగాడు, అందరూ సమానమే అన్నాడు. పెద్దకులాలవాళ్లకి కడుపు మండింది అక్కడే. 1749లో పట్టుకున్నారు. దున్నపోతు మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి ఊరేగించారు. దెబ్బలు తిన్న ఒంటికి కారం పూశారు. ఆ ఊరేగింపంతా పరువు తీయడానికే. పిచ్చివాళ్లు! ఆ పరువుని ఆయన ఎప్పుడో వదిలేశాడు. 1752 జనవరి 14న ఆ కాట్టాడిమల మీదే తుపాకులతో కాల్చి చంపారు.

2022లో పునీతుడిగా ప్రకటించినప్పుడు రోము ఆయన పేరులోంచి కులాన్ని చెప్పే 'పిళ్లై' తీసేసింది. మనుషులు అంత తేలిగ్గా తీసేసుకోరు. ఆయన జ్ఞానస్నానం పొందిన వడక్కన్‌కుళంలోనే, తర్వాతి శతాబ్దంలో కులానికో పక్క ఉండేలా, మధ్యలో గోడ పెట్టి గుడి (చర్చి) కట్టుకున్నారు. ఆ గోడ పడగొట్టడానికి దశాబ్దాలు పట్టింది.

మన దగ్గర గోడ కూడా అక్కర్లేదు. మా యాత్రలో భోజనాల వేళకి ఎవరి గుంపు వాళ్లదే. పక్క విచారణవాళ్లు (పక్క చర్చివాళ్లు) పులిహోర ఇస్తే ఒక పెద్దావిడ నవ్వుతూ తీసుకుంది. వాళ్లు అటు తిరగ్గానే ముట్టకుండా కవర్లో చుట్టి సీటు కిందికి తోసేసింది. రెండో చేతిలో జపమాల అలాగే ఉంది. నాకు అన్నం సహించలేదు.

ఆయన పండగ మన సంక్రాంతి రోజుల్లోనే వస్తుంది, ఇంటినిండా పిండివంటలుంటాయి. గుడిలో ఎప్పుడూ వెనకే నిలబడేవాళ్లకి అరిసెలు పొట్లం కట్టి పంపించకండి. ఇంటికి పిలిచి మీ పంక్తిలోనే కూర్చోబెట్టండి. వాళ్లు పిలిస్తే మీరూ వెళ్లి కడుపునిండా తినండి.